అచ్చైన మాట అంతయు ఒక్కటి కాదు

వనపర్తి ప్రాంతపు సభ్యుడొకరు గత యాసంగిలో ఒక పత్రికపుటను మడిచి జేబులో పెట్టుకొని మా యొద్దకు వచ్చిరి. ఒక ద్రావకమును చల్లినచో పల్లి దిగుబడి రెట్టింపగునని అందు వ్రాసియుండెను. నిండుకాయల చెట్టును ఎత్తిపట్టుకొన్న రైతు బొమ్మయు నుండెను. “అయ్యా, అచ్చులో పడిన మాట గదా, అబద్ధమగునా?” అని వారడిగిరి.

ఆ ప్రశ్నకు మేము నవ్వజాలము. మిషను బడిలో చదువునాటినుండి అచ్చుకాగితమన్న మాకును భక్తి మెండు. కొన్నియేండ్ల క్రిందట అట్టి పుటనే చదివి, ఒక గ్రామసభలో దానిని మెచ్చుకొంటిమి. మా మాట నమ్మి ఒక రైతు అప్పు తెచ్చి ఆ మందు కొనెను. అతని పంట పొరుగువాని పంటకంటె పిడికెడైనను హెచ్చు కాలేదు. పిమ్మట ఆ పుటను మరల చూడగా, అడుగున సన్నని అక్షరములతో “ప్రకటన” అని యుండెను.

పత్రికలు ఒక జాతివి కావు. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన మండలినే చూడుడు. అది 1931లో శాస్త్రజ్ఞులకొరకు ‘ఇండియన్ జర్నల్ ఆఫ్ అగ్రికల్చరల్ సైన్స్’ను, 1940లో సామాన్యులకొరకు ‘ఇండియన్ ఫార్మింగ్’ను ప్రారంభించెను. మొదటిదానివంటి పత్రికకు వచ్చిన వ్యాసమును, అచ్చునకు ముందు, ఆ విద్య తెలిసిన ఇతరులు తప్పులు వెదకుచు చదువుదురు. రెండవ జాతి పత్రికలో సంపాదకుని యెంపికయే ప్రధానము. విత్తుటెప్పుడు, మందు కలుపుటెట్లు అను పనులకు ఇదియే మనకు సులభము. దీనిని చిన్నచూపు చూడరాదు. కాని ఒక క్రొత్త మందు నిజముగా పనిచేయునా యను సందేహమునకు మొదటి జాతినే ఆశ్రయింపవలయును.

ఇంగ్లీషు రాకున్నను భేదమును కనిపెట్టవచ్చును. మందు వేయని పోలికమడి యున్నదా? ఒకే పొలమున ఒక మూల బలము, ఒక మూల చవుడు ఉండును గదా. అందువలన ఒక్కొక్క మందును పలు మళ్ళలో, చీట్లు వేసినట్లు తావు నిర్ణయించి పరీక్షింపవలెనని రోథామ్‌స్టెడ్ క్షేత్రమున పనిచేసిన ఫిషర్ తన 1935 నాటి గ్రంథమున విశదపరచెను. పరిశోధన వ్యాసములో ఎన్ని మళ్ళు, ఏ నేల, ఏ యేడు, ఎంత తూకము అనునవి పట్టికగా నుండును. చేసినవారి పేరు, వారి పరిశోధన స్థానము ఉండును. మా సభ్యుని పుటలో బొమ్మ తప్ప ఇవి యేవియు లేవు.

ఇక అంకెల విషయమున మిక్కిలి జాగ్రత్త వలయును. శాస్త్రపత్రికలు హెక్టారు లెక్కన వ్రాయును. పల్లికి జిప్సము హెక్టారునకు 500 కిలోలని యున్నచో, హెక్టారు సుమారు రెండున్నర యెకరములు గనుక, ఎకరమునకు 200 కిలోలే. 500 కిలోలను ఎకరమునకే అని చదివినవాడు రెండున్నర రెట్లు డబ్బు మట్టిలో పోయును.

శాస్త్రపత్రిక యను పేరు పెట్టుకొన్నదంతయు వేదమనియు అనుకొనరాదు. రుసుము పుచ్చుకొని, పరిశీలింపకయే అచ్చువేయునవి ఈ కాలమున విస్తారము. మంచి పత్రికలోని మాటయైనను ఆ నేలకు, ఆ యేటికి చెందినది. వర్షాధారపు పత్తిని గూర్చిన వ్యాసము, గద్వాల వైపు నీటికట్టుతో విత్తనపు పత్తి పండించువారికి అక్షరాల వర్తింపదు.

అదృష్టవశమున నాగర్‌కర్నూలు జిల్లాలో, బిజినేపల్లి మండలపు పాలెము గ్రామమున ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానము కలదు. అచ్చటివారు శాస్త్రపత్రికలు చదువువారు. మన నేల నెరిగినవారు. పుటను చూపి, “ఇది ఎక్కడ, ఎన్నేండ్లు పరీక్షింపబడినది?” అని అడుగవచ్చును.

మా సభ్యుడు ఆ మాట విని, మందు దుకాణమునకు పోవుట మాని, పుటను మరల మడిచి జేబులో పెట్టుకొని పాలెము బస్సెక్కిరి.