గాయకుడు – మైకు

మైకు గొంతును పెంచు సాధనమే గాని గొంతులోని దోషమును దిద్దునది కాదు. ఆ దోషమును గూడ అది వెనుక వరుస వఱకు చేర్చును. కావున సభలో పాడువారు దాని స్వభావము నెఱుగవలెను.

మొదటిది దూరము. నోటికిని మైకునకును గల దూరము రెట్టింపైనచో, దానికి చేరు ధ్వని సుమారు 6 డెసిబెల్లులు తగ్గును. తల నటునిటు త్రిప్పుచు పాడినచో కొన్ని మాటలు శ్రోతకు అందవు. మిక్కిలి దగ్గరైనచో, ఒక దిశ ధ్వనినే ముఖ్యముగా గ్రహించు మైకులలో మంద్రధ్వని పెరిగి సాహిత్యము మసకబారును. కూర్చుండి పాడువారికి జానెడు దూరము చాలును. తారస్థాయిలో కొంచెము వెనుకకు జరుగుట మేలు.

రెండవది దిశ. ప, ఫ, భ లతో వెలువడు ఊపిరి సూటిగా తగిలినచో చప్పుడగును. అందుచే మైకును నోటికి కొంచెము ప్రక్కగా నుంచవలెను. అది లౌడుస్పీకరు వైపు తిరిగినచో, అందలి ధ్వనియే మరల మైకున ప్రవేశించి, అంతకంతకు పెరిగి కూతగా మాఱును. చేతిమైకు జాలిని పిడికిట మూసినను ఇట్లే జరుగవచ్చును.

మూడవది నిగ్రహము. తన గొంతు తనకు వినబడనప్పుడు గాయకుడు అరచును. శ్రుతి చెడును, గొంతు నలుగును. అరచుటకు మాఱుగా వేదికపై తనవైపునకున్న స్పీకరును కచేరీకి ముందే సరిచేయించుకొనవలెను. బిగ్గరగా వినిపించు పనిని యంత్రమునకు విడిచినప్పుడే గాయకుని మనస్సు భావముపై నిలుచును.