కొయ్యకముందే నంబరు చూడండి
(ముక్కల రోబో బొమ్మ – మేము నేర్చుకున్న పాఠం)



పోయిన నెల మన సైన్స్ మేడంగారు క్లాసుకి ఒక అట్టపెట్టె తెచ్చారు. వారి తమ్ముడుగారు జపాన్ నుంచి వస్తూ తెచ్చారంట. మూత తీస్తే లోపల బొమ్మ లేదు. కిటికీ ఊచల్లాంటి ప్లాస్టిక్ చట్రాలు, వాటికి అతుక్కున్న చిన్న చిన్న ముక్కలు, ఒక బొమ్మల పుస్తకం ఉన్నాయి. "మీరే తయారుచెయ్యండి, నేర్చుకున్నది గోడపత్రికకి రాయండి" అన్నారు మేడంగారు. అందుకని ఈ పాఠం రాస్తున్నాను.

1. గండమ్ అంటే ఏమిటి?

మన తెలుగులో గండం అంటే ఆపద. ఇది ఆ గండం కాదు. జపాన్ వాళ్ళ కథలో ఒక రోబో పేరు. 1979 ఏప్రిల్‌లో అక్కడి టీవీలో 'మొబైల్ సూట్ గండమ్' అనే బొమ్మల సీరియల్ మొదలైంది. దర్శకుడు యోషియుకి తొమినో. అందులో మనిషి రోబో లోపల కూర్చుని దాన్ని నడుపుతాడు. మొదట్లో ఎక్కువమంది చూడలేదు. 43 భాగాలతో 1980 జనవరిలో ముగించేశారు. అదే ఏడాది జులైలో బందాయ్ కంపెనీ ఆ రోబోని ప్లాస్టిక్ ముక్కల బొమ్మగా 300 యెన్‌లకు అమ్మింది. యెన్ అంటే జపాన్ డబ్బు. పిల్లలు ఎగబడి కొన్నారు. ఈ బొమ్మల్ని 'గన్‌ప్లా' అంటారు. ఆనాటి బొమ్మలకి జిగురు పూయాలి, రంగు వెయ్యాలి. ఇప్పటివి చాలావరకు రంగు ప్లాస్టిక్‌తోనే వస్తాయి. నొక్కితే ఒకదాంట్లో ఒకటి బిగుసుకుంటాయి.

2. ఎత్తు లెక్క

పెట్టె మీద 1/144 అని ఉంది. అంటే అసలు ఎత్తులో 144వ వంతు. కథలో గండమ్ ఎత్తు 18 మీటర్లు.
18 మీ. = 1800 సెం.మీ.
1800 ÷ 144 = 12.5 సెం.మీ.
తయారయ్యాక స్కేలు పెట్టి కొలిస్తే ఇంచుమించు అంతే వచ్చింది. నిష్పత్తి పాఠం అప్పుడు నా బుర్రకెక్కింది. నా ఎత్తు 148 సెం.మీ. నన్ను కూడా అలాగే తగ్గిస్తే 1 సెం.మీ. కంటే కొంచెం ఎక్కువ. చింతగింజంత!

3. ముక్కలు ఎలా తయారవుతాయి?

ఎక్కువ ముక్కలు పాలీస్టైరిన్ అనే ప్లాస్టిక్‌వి. దాన్ని వేడిచేసి కరిగించి, ఉక్కు అచ్చులోకి గట్టిగా నెడతారు. బెల్లం పాకం అచ్చులో పోసినట్టే. చల్లారి గట్టిపడ్డాక అచ్చు తెరుస్తారు. ప్లాస్టిక్ పారిన కాలవే చట్రంగా మిగులుతుంది. ప్రతి ముక్క పక్కన చట్రం మీద నంబరు ఉంటుంది. గుర్తుపెట్టుకోండి, నంబరు చట్రం మీదే ఉంటుంది, ముక్క మీద ఉండదు.

4. మేము చేసిన తప్పు

మా బెంచీ అమ్మాయి, నేను సంబరం ఆపుకోలేక మొదటి సాయంత్రమే అన్ని ముక్కలూ కోసి పళ్ళెంలో పోసేశాము. పని తొందరగా అవుతుందనుకున్నాము. తీరా చూస్తే ఏ ముక్క ఏదో తెలీదు. కుడికాలు ముక్కలూ ఎడమకాలు ముక్కలూ అద్దంలో నీడల్లాగా ఉన్నాయి. రెండు రాత్రులు కూర్చున్నా 11 ముక్కలు మిగిలిపోయాయి. మేడంగారికి ఏం చెప్పాలో తెలీక ఏడుపొచ్చింది.

రెండో శనివారం అమ్మ నన్ను చూడ్డానికొచ్చింది. అమ్మకి చదువు రాదు. మా ఇంట్లో బడికొచ్చిన మొదటిదాన్ని నేనే. అమ్మకి ఇదేం తెలుస్తుందని పళ్ళెం దుప్పటి కింద దాచబోయాను. అమ్మ చూసేసింది. పుస్తకం ముందేసుకుని ఒక్కో ముక్కా తిప్పి తిప్పి చూసింది. "దీని చెవి ఇటుంది పిల్లా, ఇది ఆ కాలుది కాదు" అంది. అమ్మ అడ్డాకులు ఏరి విస్తర్లు కుడుతుంది. ఏ ఆకు పక్కన ఏది సరిపోతుందో చూడగానే చెప్తుంది. ఆ 11 ముక్కలూ గంటలో జత చేసింది. పుస్తకంలో రాత అంతా జపాన్ భాష. అది అమ్మకీ రాదు, నాకూ రాదు. కానీ అమ్మ బొమ్మల్ని నాకంటే బాగా చదివింది. దాచబోయినందుకు నాకు సిగ్గేసింది.

5. సరైన పద్ధతి

(అ) పుస్తకంలో ఆ మెట్టుకి కావలసిన ముక్కలే కొయ్యాలి.
(ఆ) చేత్తో విరవకూడదు. విరిస్తే అక్కడ తెల్ల మచ్చ పడుతుంది. మొదట కొంచెం దూరంగా కోసి, తర్వాత దగ్గరగా కొయ్యాలి. దీనికి చిన్న కటింగ్ ప్లేయర్ ఉంటుంది. మేము నెయిల్ కట్టర్‌తో కోశాము.
(ఇ) మిగిలిన మొటిమని సన్నని గరుకుకాగితంతో మెల్లగా రుద్దాలి.
(ఈ) డ్రాయింగ్ క్లాసు నీళ్ళరంగులు వెయ్యకండి. చామాకు మీద నీళ్ళలాగా జారిపోతాయి. మేము వేసి చూశాము. ముక్కని సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టి, అక్రిలిక్ రంగు పల్చగా రెండు మూడు పూతలు వెయ్యాలి. ఒక పూత ఆరాకే ఇంకోటి.
(ఉ) సన్నని గాడుల్లో బాగా చెక్కిన పెన్సిలు గీసి, పైన అంటినది గుడ్డతో తుడిస్తే గీతలు స్పష్టంగా కనిపిస్తాయి. దీనికి పైసా ఖర్చు లేదు.

6. జవాబులు రాయండి

1) 1/100 బొమ్మ అయితే గండమ్ ఎత్తు ఎంత?
2) ముక్క కోశాక దాని నంబరు ఎక్కడుంటుంది?
3) మీ ఇంట్లో చదువు రానివాళ్ళు మీకంటే బాగా చేసే పని ఒకటి రాయండి.

రోబో ఇప్పుడు సైన్స్ రూము అద్దాల బీరువాలో ఉంది. చూసిరండి. కుడి మోకాలి దగ్గర తెల్ల మచ్చ కనిపిస్తుంది. అది నేను చేత్తో విరిచిన చోటు.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని