గురుశిష్య సంబంధ రహస్యము

గురూపదేశము లేనిదే బ్రహ్మజ్ఞానము కలుగదని మన దేశమున పండితులును పామరులును చెప్పుదురు. చెవిలో నొక మంత్రము నూది, దక్షిణ గైకొని, ఏటేట పాదపూజ చేయించుకొనుటయే యుపదేశమని వాడుకలో నర్థమైపోయినది. ఉపనిషత్తులలో నా మాటకు గల యర్థము వేరు. ఛాందోగ్యము అష్టమాధ్యాయమందలి ఇంద్రవిరోచనుల కథ చదివిన నది తేటపడును.

జరామరణశోకములు లేని యాత్మ నెరిగినవాడు సమస్త కామములను పొందునని ప్రజాపతి చెప్పెను. అది విని దేవతలలో నింద్రుడును, అసురులలో విరోచనుడును సమిధలు చేతబూని యాయనకడకు పోయి, 32 ఏండ్లు బ్రహ్మచర్యము సల్పిరి. కంటిలో కానవచ్చు పురుషుడే యాత్మయని చెప్పి, ప్రజాపతి వారిని నీటిపాత్రలో చూచుకొనుడనెను. చక్కగా నలంకరించుకొని మరల చూడుడనెను. ఇరువురును తమ నీడలనే చూచి తృప్తులై వెడలిరి. విరోచనుడు తనవారికి దేహమునే పూజింపుడని బోధించెను. ఇంద్రునికో, దేవతలను చేరకమునుపే దారిలో శంక పుట్టెను. దేహము గ్రుడ్డిదైన నీడయు గ్రుడ్డిదే, దేహము నశించిన నదియు నశించును, ఇందు మేలేమి? సమిధలు గొని మరల వచ్చెను. ప్రజాపతి కోపింపలేదు, మరి 32 ఏండ్లుండుమనెను. పిదప స్వప్నమందలి పురుషుని చెప్పెను. ఇంద్రుడు దానిని శంకించి వచ్చి, యింకొక 32 ఏండ్లుండెను. సుషుప్తిని చెప్పగా దానిని శంకించెను. కడపట నయిదేండ్లు, వెరసి 101 ఏండ్లు.

ఇరువురకు గురువొక్కడే, తొలి యుపదేశ మొక్కటే. గురువాక్యమును వెంటనే ప్రమాణముగా గైకొన్నవాడు విరోచనుడు; ఇప్పటి గురువులు మెచ్చెడి శిష్యుడతడే! సందేహించినవానికే జ్ఞానము లభించినది. తెలిసియు ప్రజాపతి విరోచనుని పోనిచ్చుట న్యాయమా యని చదువరు లడుగవచ్చును. ఈ యాక్షేపణ తేలికగా త్రోసివేయదగినది కాదు. ఆత్మను కనకయే పోవుచున్నారని యాయన వారిని చూచి పలికినట్లు శ్రుతియే చెప్పుచున్నది. నాకు తోచినంతవరకు, శిష్యునికి బదులు గురువు విచారింపలేడు. వచ్చినవానికి వాకిలి తెరచి యుంచగలడు, అంతియే. శంకమాత్రముననే యింద్రుడు తరింపలేదు. అతడు శంకించి యింట కూర్చుండలేదు, సమిధలతో తిరిగివచ్చినాడు. గురువులనందరను పరిహసించి యంతటితో తృప్తినొందు మన విద్యావంతులు దీనిని గమనింతురు గాక.

ఈ చిక్కు బ్రహ్మసమాజమునకును తప్పలేదు. 1868లో ముంగేరున కొందరు భక్తులు కేశవచంద్రసేనుని పాదములపై పడజొచ్చిరి. అది నరపూజయని విజయకృష్ణ గోస్వామియు, యదునాథ చక్రవర్తియు బహిరంగముగా నాక్షేపించిరి. తానట్టి పూజను కోరలేదని కేశవుడు చెప్పెను. వారింపలేదను నింద మాత్రము నిలిచినది. ఆ విజయకృష్ణుడే తరువాత గురుదీక్ష గైకొని, 1886లో సాధారణ బ్రహ్మసమాజ ప్రచారకత్వమును వదలి, తానే పలువురకు గురువయ్యెను. ఆయనను చపలచిత్తుడనుట తొందరపాటు. నిరాకారోపాసకునికి సయితము ఎదుట నొక మనుష్యుడు కావలెనను నాకలి కలదు; వాదములచే నది తీరదు. ఆయన పట్టినది విరోచనుని త్రోవయా, ఇంద్రుని త్రోవయా యనునది, ఆయన శిష్యులకు సమిధలతో తిరిగివచ్చి ప్రశ్నించు స్వాతంత్ర్యము మిగిలినదా లేదా యనుదానినిబట్టి తేలవలసియున్నది.