క్రీస్తు జన్మదినము: సౌరమూలవాద పరీక్ష

డిసెంబరు 25న జరుపబడు క్రీస్తు జన్మోత్సవమునకు రోమనుల సూర్యారాధనమే మూలమని పెక్కురి మతము. క్రీ.శ. 274లో ఔరేలియన్ చక్రవర్తి రోమునగరమున అజేయసూర్యునకు ఆలయము ప్రతిష్ఠించుట ఈ పూర్వపక్షమునకు ఆధారము. అయితే ఆ తేదీని అజేయుని జన్మదినముగా పేర్కొను తొలి లిఖితసాక్ష్యము 354 నాటి రోమను పంచాంగసంపుటము. బెత్లెహేమున క్రీస్తు జననమును అదే తేదీకి చెప్పు పట్టికయు అందే కలదు. కావున ఏది పూర్వమో ఈ సాక్ష్యము తేల్పజాలదు.

మఱియు 200 ప్రాంతమున టెర్టూలియన్ క్రీస్తు మరణమును మార్చి 25గా గణించెను. గర్భప్రవేశమును ఆ దినముననే యని అనంతరకాలమున అగస్టీన్ వ్రాసెను. దానికి నవమాసములు చేర్చిన డిసెంబరు 25 సిద్ధించును. ఇట్లు సౌరపర్వమును ఆశ్రయింపకయే తేదీకి ఉపపత్తి కుదురుచున్నది.

సాదృశ్యమాత్రము ఆదానమును సాధింపదు. పౌర్వాపర్యము నిరూపితమైనపుడే మూలవాదము నిలుచును. ఈ నియమము మతచరిత్రలన్నింటికిని సమానము.