శాసనసభలో భూమి ప్రశ్న

శాసనసభ సమావేశంలో సాధారణంగా తొలి గంటను ప్రశ్నోత్తరాలకు కేటాయిస్తారు. రాజ్యాంగంలోని 164వ అధికరణం ప్రకారం మంత్రిమండలి సభకు సమష్టిగా బాధ్యత వహిస్తుంది. ఆ బాధ్యత ప్రజలకు ప్రత్యక్షంగా కనిపించేది ఈ సమయంలోనే. నక్షత్రపు గుర్తు గల ప్రశ్నకు మంత్రి సభలో మౌఖికంగా బదులిస్తారు. ఆపై సభ్యులు అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. గుర్తు లేని ప్రశ్నకు లిఖితపూర్వకమైన జవాబు మాత్రమే లభిస్తుంది.

భూమి విషయంలో అనుబంధ ప్రశ్నకే విలువ ఎక్కువ. "ఎన్ని పట్టాలిచ్చారు?" అని అడిగితే జవాబు ఒక అంకెతో ముగుస్తుంది. "ఆ పట్టాదారులలో ఎందరు తమ పొలాన్ని తామే దున్నుకొంటున్నారు?" అన్నప్పుడు గాని అసలు సంగతి బయటపడదు. పట్టా పేదవాని పెట్టెలోను, పొలం బలవంతుని నాగలి కిందను ఉండటం పల్లెలకు కొత్త కాదు. ఈ దుస్థితిని అరికట్టడానికే ఆంధ్రప్రదేశ్‌లో 1977లో అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం వచ్చింది. అన్యాక్రాంతమైన భూమిని తొలి పట్టాదారునికి గాని, అతని వారసులకు గాని తిరిగి ఇప్పించే అధికారాన్ని అది కల్పించింది.

అయితే తన పొలంలో అడుగుపెట్టిన పేదకు దెబ్బలు తప్పకపోతే ఆ ఉత్తర్వు వ్యర్థమే. అందుచేత హక్కును గురించి రెవెన్యూ మంత్రిని, రక్షణను గురించి హోంమంత్రిని అడగవలసి వస్తుంది.

గన్నవరం నుండి శాసనసభకు ఎన్నికైన పుచ్చలపల్లి సుందరయ్య తన వంతు ఆస్తిని ఉద్యమానికి అర్పించిన నాయకుడు. భూమిని గురించి ప్రశ్నించే వాని మాటకు బలం అట్టి నడవడి వలననే చేకూరుతుంది.