దినచర్య వ్రాసిన నేరము

ఒక పుస్తకము కొని, తేదీ వేసి, మనసులోని మాట వ్రాసికొనుట నేరమగునా? మనకు కాదు. కాని ‘నైన్‌టీన్ ఎయిటీఫోర్’ అను ఆంగ్ల నవలయందలి విన్‌స్టన్ స్మిత్‌కు అదియే ప్రాణముమీదికి వచ్చెను.

ఈ నవలను రచించినవాడు జార్జి ఆర్వెల్. ఈయన అసలు పేరు ఎరిక్ ఆర్థర్ బ్లెయిర్. 1903వ సంవత్సరమున మన దేశమునందే, బీహారులోని మోతీహారిలో జన్మించెను. హిట్లరు, స్టాలిను వంటి నియంతల పాలనలో సత్యమునకు పట్టిన దుర్గతిని గమనించి, క్షయవ్యాధితో బాధపడుచునే ఈ నవలను ముగించెను. ఇది 1949లో వెలువడెను. మరుసటియేడు జనవరిలో ఆయన కన్నుమూసెను.

కథ లండను నగరమున జరుగును. అచట పాలించునది ఒకే పార్టీ. ‘బిగ్ బ్రదర్’ అను నాయకుని చిత్రపటము ఎటు చూచినను కనబడుచుండును. పార్టీవారి యిండ్లలో గోడకొక యంత్రపు తెర కలదు. అది మాటలాడుటయేగాక, ఇంటివారి మాటలను వినును, చేష్టలను చూచును. దానిని పూర్తిగా ఆర్పివేయుటకు వీలులేదు.

విన్‌స్టన్ సత్యమంత్రిత్వశాఖలో ఉద్యోగి. పేరు సత్యము, పని అసత్యము. నాయకుడు నిన్న చెప్పినది నేడు జరుగకపోయినచో, పాత పత్రికలోని ఆ మాటనే మార్చివేయుట అతని కొలువు. పత్రికను మరల అచ్చువేసి, అసలు ప్రతిని అగ్నిపాలు చేయుదురు. ఇట్లు ఋజువులన్నియు నశింపగా, పార్టీ చెప్పినదే చరిత్ర యగుచుండెను.

ఇది అతని మనసును కలచివేసెను. పాత వస్తువుల దుకాణమున మీగడరంగు కాగితముల పుస్తకమొకటి కొని తెచ్చెను. తెరకు కనబడని మూలను కూర్చుండి దినచర్య వ్రాయ నారంభించెను. పట్టుబడుట తప్పదని అతడెరుగును. చదువువారు ఎన్నటికైన ఉందురో లేదో ఎరుగడు. ఐనను వ్రాసెను. కన్నది కన్నట్లు చెప్పువాడు ఒక్కడైన మిగిలియుండవలెనని అతని తపన.

తుదకు పట్టుబడెను. అతడు మిత్రుడని నమ్మిన ఓబ్రయనే అతనిని చెరలో హింసించెను. రెండును రెండును కలిసిన ఐదని నమ్ముమనెను. పసిబాలుడు వేళ్లు మడచి తెలిసికొనగల సత్యమును కాదనిపించుటకు అంతటి ప్రభుత్వము అంత శ్రమపడెను! హింసకు తాళలేక విన్‌స్టన్ లొంగిపోయెను. ఆ నియంతకే తన హృదయమును అర్పించుకొనెను.

బాలలారా! మన హరిశ్చంద్రుడు ఎన్ని కష్టములకైన నోర్చి సత్యమును గెలిపించుకొనెను. ఈ కథలో అట్టి విజయము లేదు. మరి ఓడినవాని కథ మనమేల చదువవలెను? విన్‌స్టన్‌కు అండగా నిలుచుటకు నిజము వ్రాయు పత్రిక లేదు, మొర వినెడి న్యాయస్థానము లేదు, పాత ప్రతిని దాచియుంచిన గ్రంథాలయము లేదు. సత్యభారమంతయు ఒక్కని భుజములపై పడిన, ఎంతటి సాహసియైనను క్రుంగిపోవును. అది అందరును కలిసి మోయవలసిన బరువు.

చూచినది చూచినట్లు చెప్పుట మనకు చిన్నపనివలె తోచును. అది చిన్నపనిగా నిలిచియున్నంతవరకే దేశమున స్వేచ్ఛ నిలిచియుండును.