విద్యుత్తు కారు: వెల, చార్జింగు

విద్యుత్తు కారు కొనదలచినవారు వెలతోపాటు చార్జింగు విధమును గూడ విచారింపవలెను. 2019 ఆగస్టు నుండి ఈ కార్లపై జి.ఎస్.టి. నూటికి 5 మాత్రమే. తెలంగాణ ప్రభుత్వము 2024 నవంబరులో వీటికి రహదారి పన్నును, రిజిస్ట్రేషను రుసుమును 2026 డిసెంబరు 31 వరకు మినహాయించినది. అయినను బ్యాటరీ పెద్దదైన కొలది వెల హెచ్చును.

కంగ్టి వంటి గ్రామములలో నిత్యము తిరుగుటకు ఇంటి చార్జింగే మేలు. గంటకు 3 యూనిట్లు తీసికొనునట్టి 24 యూనిట్ల బ్యాటరీ రాత్రి ఎనిమిది, తొమ్మిది గంటలలో నిండును. 15 ఆంపియర్ల ప్లగ్గు, సరియైన ఎర్తు తీగ తప్పనిసరి.

హైదరాబాదు వంటి దూరప్రయాణములకు ఫాస్ట్ చార్జరు అక్కరకు వచ్చును. నూటికి 80 పాళ్లు నిండిన పిదప వేగము తగ్గును గనుక అంతటితో బయలుదేరుట లాభము. కొన్ని చిన్న కార్లకు ఈ సౌకర్యము లేదు. బయానా ఇచ్చుటకు ముందే అడిగి తెలిసికొనవలెను.